నా చెత్త బయటపడ్డ శుక్రవారం

మా కాలేజీలో నన్ను పచ్చ సార్ అంటారు. చొక్కా రంగు చూసి కాదు, పర్యావరణ క్లబ్బు నా నెత్తిన ఉంది కాబట్టి. అసలు నేను లెక్కల లెక్చరర్ని. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే బోర్డు, అవే లెక్కలు. గంట కొట్టడం ఆలస్యం, పిల్లలు తలుపు దగ్గర ఒకరినొకరు తోసుకుంటారు. డౌటు అడగడానికి ఆగినవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు. ఒకసారి ఒకడు ఆగాడు. గొడుగు మర్చిపోయాడట.

పోయినేడు పర్యావరణం పేపరు ఎవరు చెప్తారని స్టాఫ్ మీటింగు పెట్టారు. బోటనీ ఆవిడ తనకు ల్యాబులున్నాయంది. కెమిస్ట్రీ ఆయన నడుం పట్టేసిందన్నాడు. నేను ఆ రోజు సెలవు. సెలవు పెట్టినవాడికే అంటగడతారు కదా, అంటగట్టారు. అందరూ పాసయ్యే పేపరు, ఎవరూ పట్టించుకోని పేపరు. పుస్తకంలో ఉన్నదాన్ని గట్టిగా పైకి చదివేసేవాణ్ణి, అదే పాఠం. ఏడాది చివర నూట నలభై ప్రాజెక్టు రిపోర్టులొచ్చాయి. వాటికి మార్కులు ఎలా వేశానో కాస్త ఆగి చెప్తాను. ఇప్పుడే చెప్తే మీరు ఇక్కడే నన్ను ఛీ కొట్టి లేచిపోతారు.

ఈ ఏడు ప్రిన్సిపాల్ గారు క్లబ్బు కూడా పెట్టమన్నారు. ఎవరొస్తారులే అని నోటీసు బోర్డులో ఓ మూల అంటించాను. పదకొండు మంది వచ్చారు. అదీ గంట కొట్టాక! నా గదికి! సైకిల్ స్టాండు వెనక మొక్కలు నాటారు, ఎవరు ఏ రోజు నీళ్లు పొయ్యాలో చీటీ రాసుకున్నారు. క్యాంటీన్ ఆయన్ని పీక్కుతిని కాగితం కప్పులు మాన్పించి స్టీలు గ్లాసులు పెట్టించారు. పాత బ్యానర్లు కత్తిరించి సంచులు కుట్టారు. నేను పక్కన నిలబడి చేతులు కట్టుకుని "శభాష్" అనేవాణ్ణి. దానికే వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు, మంచి నవ్వు. నాకు నలభై ఎనిమిదేళ్లు. పిల్లలకి నేను నచ్చడం అదే మొదలు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది పోతుందేమోనని రోజూ భయంగా ఉండేది.

ఇంటికెళ్లి మా ఆవిడకి ఇదే సోది చెప్పేవాణ్ణి. "ముందు బాత్రూములో కుళాయి కట్టేసి రండి, భూమిని తర్వాత కాపాడుదురు గాని" అనేది.

ఆ పదకొండు మందిలో ఒకమ్మాయిని తోటివాళ్లు కొలబద్ద అని పిలుస్తారు. హాస్టల్లో ఉంటుంది. ఏదైనా కొలిస్తేనే నమ్ముతుంది. మొక్కకీ మొక్కకీ మధ్య దూరం జానలతో కొలిచి తోటివాళ్ల చేత రెండు గుంతలు మళ్లీ తవ్వించింది. మొదటిరోజే నా దగ్గరికొచ్చి, "సార్, పోయినేడు నా రిపోర్టు చాలా బాగుందని క్లాసులో అన్నారు కదా, అందుకే చేరాను" అంది.

"ఆఁ, ఆ రిపోర్టా! భలే రాశావమ్మా" అన్నాను. ఏ రిపోర్టో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత చెత్త లెక్క అని ఒకటి పెట్టుకున్నాం. వారంపాటు ఏ గది చెత్త ఆ గది సంచీలో ఉంచాలి. శుక్రవారం మధ్యాహ్నం గ్రౌండులో పట్టా పరిచి అన్నీ కుమ్మరించి, రకాలుగా ఏరి, తూచాలి. నేనే మైకు పట్టుకుని, "ఎవరడిగినా సరే, ఒక్క సంచీ కూడా ముందుగా విప్పకూడదు" అని గర్జించాను. చప్పట్లు కొట్టారు కూడా.

గురువారం తూకం మిషను తెచ్చారు. దాన్ని పెట్టడానికి నా బీరువాలో చోటు లేదు. అడుగు అరంతా పోయినేటి రిపోర్టులే. కట్టలు కట్టలుగా తీసి స్టాఫ్‌రూమ్ సంచీలో కుక్కేశాను. మర్నాడే చెత్త లెక్క అని గుర్తులేక కాదు. లెక్క పెట్టేది మిగతావాళ్ల చెత్తని అనుకున్నాను.

శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటుంటే బుర్రలో తట్టింది. సగం గడ్డంతోనే కాలేజీకి పరిగెత్తాను. ఊడ్చే ఆవిడ సంచులన్నిటికీ మూతులు కట్టేసి నంబర్లు వేసి కూర్చుంది.

"అమ్మా, స్టాఫ్‌రూమ్ సంచీ ఒక్క నిమిషం ఇటివ్వు. నా కళ్లజోడు పడింది అందులో."

"కళ్లజోడు మీ మొహానే ఉంది కదా సార్."

"అది కాదు, ఇంకోటి."

"మధ్యాహ్నం ఎలాగూ కుమ్మరిస్తారుగా, అప్పుడు దొరుకుతుంది లెండి. ఎవరడిగినా ఇవ్వొద్దని మైకులో అరిచింది మీరే."

మధ్యాహ్నం మా సంచీ వంతు వచ్చింది. ముందు కాగితం కప్పులు పడ్డాయి. మా స్టాఫు దొంగతనంగా బయటినుంచి తెప్పించుకున్నవి. పిల్లలు గొల్లున నవ్వారు. తర్వాత కట్టలు దొర్లాయి. నవ్వు ఆగిపోయింది. ఎవరి అట్ట వాళ్లు గుర్తుపట్టారు.

కొలబద్ద తనది తీసుకుంది. ప్లాస్టిక్ ఫైళ్లు వద్దని నేను క్లాసులో అన్నానని, ఆ పిల్ల రిపోర్టుని పాత న్యూస్‌పేపర్లో చుట్టి, మూడు వైపులా దారంతో కుట్టి ఇచ్చింది. చుట్టిన కాగితం మీద నా ఎర్ర సిరా: "18/20. చాలా బాగుంది." కుట్లు మాత్రం ఒక్కటి కూడా ఊడలేదు. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"సార్, ఒకవైపు రాసిన కాగితాలు ఒక కుప్ప, రెండువైపులా రాసినవి ఒక కుప్ప అన్నారు కదా. ఇది ఎందులో వెయ్యాలి?"

ఎకసెక్కంగా అడిగినా బాగుండేది. మామూలుగా అడిగింది. విప్పి చూసినవాడికైతే కదా ఒకవైపో రెండువైపులో తెలిసేది.

"నాకు తెలీదమ్మా. చదవలేదు. ఎవరిదీ చదవలేదు. లావుగా ఉంటే పద్దెనిమిది, పల్చగా ఉంటే పదిహేను వేశాను."

"నాది లావుగానే ఉంది సార్, పదిహేనే వచ్చింది" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"అట్ట నలిగి ఉంటుంది నాయనా" అన్నాను. నిజం చెప్పడం మొదలుపెడితే ఆగదు కాబోలు.

కాగితం ఇరవై ఒక్క కిలోలు తూగింది. కాలేజీ మొత్తంలో మాదే ఫస్టు. పిల్లలు చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్లు పోయారు. నన్ను చూసి ఒక్కరూ నవ్వలేదు. కొలబద్దని ఆపి, "ఇది నేను ఇంటికి తీసుకెళ్లనా?" అని అడిగాను.

"తీసుకోండి సార్. చెత్తలోదే కదా."

ఇంటికెళ్లి మా ఆవిడ కత్తెరతో కుట్లు విప్పి, భోజనాల బల్ల మీద పెట్టుకుని చదివాను. హాస్టల్ ట్యాంకు రోజూ పొద్దున పొర్లిపోతోందని రాసింది. పొర్లే గొట్టం కింద ఇరవై లీటర్ల బకెట్ పెట్టి చూసిందట, నలభై సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి ముప్ఫై లీటర్లు. నెలరోజులు గడియారం పట్టుకుని చూసి, సగటున రోజుకి నలభై నిమిషాలు పొర్లుతోందని తేల్చింది. ఎంత ఓపిక! మొత్తం రోజుకి నూట ఇరవై లీటర్లు వృథా అని కింద గీత గీసి రాసింది.

ముప్ఫైని నలభైతో గుణిస్తే నూట ఇరవై కాదు. పన్నెండు వందలు. ఒక సున్నా ఎగిరిపోయింది.

"తప్పు ఆ అమ్మాయిది కదా, మీరెందుకలా అయిపోయారు?" అంది మా ఆవిడ. మళ్లీ తనే, "అప్పుడే చదివుంటే ఎంతసేపట్లో పట్టేవారు?" అంది.

"రెండు నిమిషాలు."

కంచాలు తీసుకుని లోపలికెళ్లిపోయింది. మొన్న ఎండాకాలం హాస్టల్ బోరు ఎండిపోయి, సరిగ్గా పరీక్షల ముందు మూడు వారాలు హాస్టలే మూసేశారు. ఆ సున్నా గురించి నోరెత్తకుండా ఊరుకుంటే ఎవరికీ తెలీదు. ఉన్న కాస్త పరువైనా మిగులుతుందని నాకూ అనిపించింది. రెండు రోజులు అదే అనిపించింది.

సోమవారం కొలబద్దని పిలిచి చూపించాను. చూపుడు వేలితో లెక్క మళ్లీ చేసుకుంది. మొహం పాలిపోయింది.

"దీని కాపీ ఆఫీసుకి తీసుకెళ్లాను సార్, అప్పట్లోనే. నూట ఇరవై లీటర్లా, ఆరు బకెట్ల కోసం అర్జీ ఏంటని నవ్వారు. సార్ చాలా బాగుందన్నారు కాబట్టి లెక్క తప్పై ఉండదు, నేనే చిన్నదాన్ని పెద్దది చేస్తున్నానేమో అనుకున్నాను. మళ్లీ వెళ్లలేదు."

అరవై బకెట్లమ్మా, రోజుకి అరవై. మనసులోనే లెక్క కట్టాను. "తప్పు నాదే" అన్నాను. "మళ్లీ అర్జీ రాయి. ఈసారి నేనూ వస్తాను, ప్రిన్సిపాల్ గారి ముందు నేనే చెప్తాను. నేను చదవలేదని కూడా చెప్తాను."

అక్కడే బల్ల దగ్గర కూర్చుని రాసింది. పేజీన్నర. నా ముందుకి జరిపింది. నేను జేబులోంచి పెన్ను తీసి, కాగితం వెనక్కి తిప్పి, అడుగున సంతకం గీకేశాను.

కొలబద్ద ఆ కాగితం తీసుకోలేదు. నా వైపే చూస్తూ నిలబడింది.

"చదివారా సార్?"