రంగు గీకిన రోజు

వెస్ హెయికిలా ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ వాళ్ళ మంచు లారీ నడిపాడు. ముందు పలకతో మంచు తోసుకుంటూ, వెనక తొట్టిలోంచి రోడ్డంతా ఉప్పు చల్లుకుంటూ పోవడమే ఉద్యోగం. ఆ ఉప్పు పుణ్యాన జనం పల్టీలు కొట్టకుండా ఇళ్ళకు చేరేవారు. ఆ ఉప్పు పాపాన వాళ్ళ కార్లు ఏడెనిమిదేళ్ళకే అడుగున తుప్పు పట్టి అప్పడాల్లా విరిగిపోయేవి. "నువ్వు చల్లిన ఉప్పే కదయ్యా నా కారుని తినేసింది" అని పెట్రోలు బంకులో మొహం మీదే అనేవాళ్ళు. వెస్ ఇంటికొచ్చి ఎముకలు కొరికే చలిలో సొంత బండి అడుగు కడుక్కునేవాడు.

రిటైరయ్యాక తుప్పు మీద పగబట్టాడు. ఆ పగ తీర్చుకోవడానికి ఒక కారు దొరికింది.

డెబ్భై ఒకటో సంవత్సరం బండి. రెండు తలుపులు, బారెడు ముక్కు, ముదురు నీలం. ఎవరిదో కొట్టంలో, దాని సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెడుతుంటే నార్బ్ లాకోంబ్ చూశాడు. పడవ మోటారొకటీ, సగం జింక మాంసమూ ఇచ్చి తెచ్చుకున్నాడు. నార్బ్‌కి షెడ్డు లేదు. వెస్‌కి ఉంది. ఇద్దరూ ఏడేళ్ళ వయసు నుంచీ ఇరుగుపొరుగు. "నీ షెడ్డు, నా కారు. పని చెరి సగం. కానీ మొదటిసారి తోలేది మాత్రం నేనే" అన్నాడు నార్బ్. "తోలుకో, ఎవడొద్దన్నాడు" అన్నాడు వెస్. అది తొమ్మిదేళ్ళ కిందటి మాట.

నార్బ్ ముప్పై ఏళ్ళు రొట్టెల వ్యాను తోలినవాడు. వ్యాను అడవి మధ్యలో ఆగిపోతే అక్కడికక్కడే ఇనప తీగతోనో, బెల్టు ముక్కతోనో బాగుచేసుకుని, రొట్టెలు చల్లారకముందే చేర్చేవాడు. పని జరిగితే చాలు, అందంతో వాడికి పని లేదు. వెస్ సరిగ్గా దానికి తలకిందులు. అందుకే ఇంజను నార్బ్‌కి, మిగతా ఒళ్ళంతా వెస్‌కి అని పంచుకున్నారు.

వెస్ ఆ ఒళ్ళుని విప్పిన తీరు చూడాలి. బోల్టు బోల్టూ విప్పి, తోమి, అడుగున ఎర్ర ప్రైమరు రెండు పూతలు, నల్ల రంగు మూడు పూతలు వేశాడు. కారుని మోసే చాసిస్‌కి లోపలా బయటా వేశాడు. బోల్టుల్ని విడివిడిగా రంగులో ముంచి వడియాలు ఆరబెట్టినట్టు జల్లెడ మీద ఆరబెట్టాడు. గాలి చొరబడే సందు కనిపిస్తే అక్కడో పూత. నార్బ్ భార్య డెల్ఫీన్ ఒకసారి టార్చి పట్టుకుని కారు కిందకి తొంగిచూసి, "మా భోజనాల బల్ల కంటే ఇదే శుభ్రంగా ఉంది. ఈసారి పండగ విందు ఇక్కడే వడ్డిస్తాను" అంది. వెస్ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు.

పని మొదలెట్టిన ఏడో ఏట నార్బ్ కళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. చూపుకి సరిగ్గా నడిమధ్యన ఒక మసక మచ్చ. అంచులు బాగానే కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నదే కనిపించదు. మచ్చ ఏడాదికేడాది పెద్దదైంది. మొన్న ఏప్రిల్లో డాక్టరు కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టేసింది. మే నెల రెండో మంగళవారం దాటితే నార్బ్ స్టీరింగ్ ముట్టకూడదు. ఆలోగా కూడా పగటిపూటే, ఖాళీ దారిలోనే.

కారు పూర్తయింది ఏప్రిల్ ఆఖరున. చాలినంత టైముంది అనుకున్నారు.

పొద్దున్నే కీ తిప్పితే సెల్ఫ్ మూలుగుతూ మూలుగుతూ తిరిగి, ఇంజను అంటుకునేది. ఆ చప్పుడు విని నార్బ్ కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. పది నిమిషాలు వేడెక్కాక ఆపి మళ్ళీ కీ తిప్పితే "టక్". అంతే. చల్లారేదాకా ఉలకదు, పలకదు. దారి మధ్యలో ఒకసారి ఆగిందా, ఇక అక్కడే కాపురం. అలాంటి బండిని చూపు ఆనని మనిషి చేతికి ఎలా ఇస్తారు?

వెస్ కొత్త బ్యాటరీ వేశాడు. కొత్త సెల్ఫ్ మోటారు వేశాడు. కీ స్విచ్ మార్చాడు. బ్యాటరీ తీగ బొటనవేలంత లావుది తెచ్చాడు. సెల్ఫ్ మోటారు మీదే అనుమానం తీరక రెండోది తెచ్చాడు. స్పేర్ పార్టుల కొట్టు రోండా గల్లా మీద మోచేతులానించి, "ఇంకొకటి కొను వెస్, మూడు కొన్నవాళ్ళకి కారు ఫ్రీ అని బోర్డు పెడతాను" అంది. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. ఆ ఊళ్ళో ఎవడి కారు వాడే బాగుచేసుకుంటాడు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడమంటే పెళ్ళాంతో దెబ్బలాడటానికి వకీలుని పెట్టుకున్నట్టే. ఆ నలుగురూ తలా ఒక సలహా ఇచ్చారు. నాలుగూ నాలుగు దిక్కులు.

మంగళవారానికి మూడు రోజులుందనగా, శనివారం పొద్దున్న, నార్బ్ షెడ్డుకొచ్చాడు. వెనకాలే, మాంసమూ దుంపలూ కూరి కాల్చిన పాస్టీల పళ్ళెంతో డెల్ఫీన్. వెస్ మూడోసారి సెల్ఫ్ విప్పబోతున్నాడు.

"ఒరేయ్, నన్నొకసారి చెయ్యి పెట్టనివ్వరా" అన్నాడు నార్బ్.

"నీకు కనిపించదు. గీతలు పడతాయి."

"నా ఇంజనేరా అది!"

"ఇంజను నీదే. చుట్టూ ఉన్న రంగు నాది."

నార్బ్ వెనక్కి తగ్గి, తడుముకుని స్టూలు మీద కూర్చున్నాడు. డెల్ఫీన్ పళ్ళెం బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకే వెస్ తలెత్తాడు.

"ఒకటి అడుగుతాను వెస్, నిజం చెప్పు. ఈ కారు స్టార్ట్ కావట్లేదని నీకు లోపల్లోపల హాయిగా లేదూ?"

"ఏం మాటలవి డెల్ఫీన్!"

"మంగళవారం దాటితే ఇతను అడగడు. నీ రంగు నీకు దక్కుతుంది. అంతేగా?"

వెస్ పానా కింద పెట్టాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. ఆమె అన్నది అబద్ధమైతే వచ్చేది. నిన్న మధ్యాహ్నం బండి మళ్ళీ "టక్" అన్నప్పుడు ఛాతీలో ఏదో సడలింది నిజమే. తొమ్మిదేళ్ళ రంగు ఏ చెట్టుకో గుద్దుకోవడం కళ్ళ ముందు మెదిలి, ఆ చెట్టు తప్పిపోయిందని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాట ఎవరికి చెప్పుకుంటాడు? తనకే చెప్పుకోలేదు.

నార్బ్ పాస్టీ కొరుకుతూ, "వదిలెయ్యి డెల్ఫీన్. వాడి సంగతి నాకు తెలియదా. బిడ్డకి దిష్టి తగులుతుందని ఊళ్ళోవాళ్ళకి చూపించని తల్లిలాంటోడు" అన్నాడు.

తిట్టినా బావుండేది. వెస్ చేతులు తుడుచుకున్నాడు, పక్కకి జరిగాడు.

"రా. పెట్టు చెయ్యి."

నార్బ్ లేచి వచ్చి ఇంజను మీదకి వంగాడు. చూడటానికి ప్రయత్నించనేలేదు. పిండి కలిపే మనిషిలా పది వేళ్ళూ దించి, ఒక్కొక్క గొట్టం, ఒక్కొక్క తీగ తడిమాడు. "ఇప్పుడు తిప్పు. నేను ఆపమనేదాకా వదలకు" అన్నాడు.

వెస్ లోపల కూర్చుని కీ తిప్పి పట్టుకున్నాడు. సెల్ఫ్ మూలిగింది.

"అబ్బ! అమ్మో! ఆపరా, ఆపు!" నార్బ్ చెయ్యి లాక్కుని వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు.

డెల్ఫీన్ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది?"

"కాలింది. యాక్సిలరేటర్ తీగ. పెనంలా కాలుతోంది." నార్బ్ వేళ్ళు ఊదుకుంటూ ఆగిపోయాడు. మొహంలోకి వెలుగొచ్చింది. "ఒరేయ్ వెస్. అది పెడల్ నొక్కితే లాగే ఇనప తాడు. వట్టి తాడు. దాంట్లోకి కరెంటు ఎందుకొచ్చినట్టు?"

వెస్‌కి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమైన కొద్దీ మొహం పాలిపోయింది. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు సెల్ఫ్ మోటారుని తిప్పి, ఇంజను ఇనుము మీదుగా, చాసిస్ మీదుగా మళ్ళీ బ్యాటరీకి చేరాలి. ఆ తిరుగుదారినే ఎర్తు అంటారు. ఇనుముకి ఇనుము తగులుతుంటేనే ఆ దారి ఉంటుంది. ఇక్కడ ఇనుముకి ఇనుము ఎక్కడ తగులుతోంది? ఎర్తు తీగ చివర బిగించిన చోట అయిదు పూతలు. దాన్ని బిగించిన బోల్టుకి మూడు పూతలు. దారి లేక కరెంటు చేతికందిన తాడు పట్టుకుని పాకుతోంది.

"రంగు" అన్నాడు వెస్.

"రంగే" అన్నాడు నార్బ్. తర్వాత ఆపుకోలేక స్టూలు మీద కూలబడి నవ్వాడు. "తుప్పు రాకుండా కాపలా పెట్టావు. కరెంటుని కూడా రానివ్వలేదు కదరా మహానుభావా! రెండు సెల్ఫ్ మోటార్లు! పాపం రోండాకి నీ మీద ఎంత నమ్మకమో!"

డెల్ఫీన్ కూడా నవ్వింది. వెస్ నవ్వలేదు. విడి తీగ ఒకటి తెచ్చి బ్యాటరీ నుంచి ఇంజనుకి తగిలించి కీ తిప్పాడు. సెల్ఫ్ విసురుగా తిరిగి, అర క్షణంలో ఇంజను గర్జించింది. పది నిమిషాలు ఆగి ఆపాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గర్జించింది.

"చాలు" అన్నాడు నార్బ్. "ఆ తీగ అలాగే ఉంచు. ఇవాళ్టికి పని జరుగుతుంది. నీ రంగుకేం కాదు."

"సెలైన్ సీసా తగిలించుకుని నా బండి ఊరేగదు" అన్నాడు వెస్.

ఉప్పు కాగితమూ గీకుడు కత్తీ తీసుకుని చక్రాల పలక మీద పడుకుని కారు కిందకి దూరాడు. మొదటి గీత గీసేముందు కాసేపు ఊరికే పడుకున్నాడు. ఆ నలుపులో తన మొహం తనకే కనిపిస్తోంది. ఆనాటి ఒక్కొక్క పూతా గుర్తుంది. మూడో పూత వేసిన రోజు చలిజ్వరంతో వేశాడు. పళ్ళు బిగించి కత్తి ఆనించాడు. నల్ల రంగు చుట్టలు చుట్టలుగా కళ్ళద్దాల మీద రాలింది. దాని కింద ఎర్రది. దాని కింద తెల్లగా ఇనుము. రూపాయి బిళ్ళంత చోటు గీకుదామనుకున్నవాడు అరచేయంత గీకాడు. అలాంటి చోట్లు ఆరు. ఒక్కొక్క చోటా ఎర్తు తీగ బిగించి, తుప్పు రాకుండా పైన గ్రీజు పూశాడు. బయటికొచ్చేసరికి గడ్డమంతా నల్ల పొట్టు.

"ఎవరో చచ్చిపోయినట్టు ఆ మొహమేంటి?" అంది డెల్ఫీన్.

"పాస్టీ మిగిలిందా?" అన్నాడు వెస్.

పని అయ్యేసరికి మూడయింది. ఇంకో చిక్కుంది. ఆ ప్రాంతంలో వేసవిలోనే తోలే కార్లున్నవాళ్ళు చలికాలం పోయాక రెండు గట్టి వానలు రోడ్ల మీది ఉప్పుని కడిగేదాకా బండి బయటికి తియ్యరు. తీసినవాడిని వెలివేసినంత పని చేస్తారు. ఈసారి పడింది ఒక్క వానే. రోడ్డంచుల్లో ఇంకా తెల్లటి చార. వెస్ తర్వాత ఆ లారీ ఎక్కినవాడు చల్లిన ఉప్పే అది. అయినా వెస్ షెడ్డు తలుపు పైకి తోసి బండి బయటికి తీశాడు. తెల్ల చార మీదుగానే, మూతపడ్డ గని దాకా నాలుగు మైళ్ళు తనే తోలాడు. డెల్ఫీన్ ఎందుకైనా మంచిదని లాగే తాడు వేసుకుని సొంత కారులో వెనకాలే వచ్చింది.

గని గేటు దాటితే రెండు మైళ్ళ తిన్నటి దారి. ఖనిజం లారీల కోసం వేసింది. ఇప్పుడు కుందేలు తప్ప ఎవరూ తిరగరు. డెల్ఫీన్ గేటు దగ్గర ఆగింది. వెస్ దిగి ఇటువైపు వచ్చి కూర్చున్నాడు. నార్బ్ స్టీరింగ్ వెనక్కి చేరి, చక్రం చుట్టూ వేళ్ళు తిప్పి, మెల్లగా క్లచ్ వదిలాడు.

బండి కదిలింది. నార్బ్ మొహం మాత్రం కిటికీ వైపు తిరిగి ఉంది.

"రోడ్డు చూడరా నాయనా!"

"చూస్తున్నానెహె. పక్కకి తిరిగితేనే నాకు ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. నువ్వు నోరు మూసుకో."

వెస్ నోరు మూసుకోలేదు. "కుడికి కొంచెం. చాలు, చాలు. గుంట ఉంది, ఎడమకి." నార్బ్ గేరు మార్చాడు. మూడోది పడేటప్పుడు తేనెలో చెంచా దిగినట్టు పడింది. పైన్ చెట్లు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. వేగం నలభై మైళ్ళు దాటింది. వెస్ సీటు అంచు పట్టుకుని ఉన్నాడు. చెట్ల కేసి చూడటం మానేసి నార్బ్ కేసి చూశాడు. వాడి పెదాలు ఇంజను చప్పుడుతో పాటు కదులుతున్నాయి. ఆ తర్వాత వెస్ "కుడి, ఎడమ" కూడా మర్చిపోయాడు. బండి తిన్నగానే పోతోంది.

చివర గుట్ట దగ్గర వెడల్పు చోటులో వెనక్కి తిప్పి, తిరుగుదారిలో గేటు కనుచూపులో పడ్డాక నార్బ్ బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు.

వెస్ అటు తిరిగాడు. "ఎందుకు ఆపావురా? వేడి మీదుంది!"

"అందుకే ఆపాను." నార్బ్ కీ తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది. నార్బ్ పెద్దగా అరిచాడు, చిన్నపిల్లాడు ఉయ్యాల మీద అరిచినట్టు. మళ్ళీ ఆపాడు. మళ్ళీ తిప్పాడు. ఆపాడు, తిప్పాడు.

"చాల్లేరా, బ్యాటరీ చస్తుంది!"

"కొత్తదేగా! నువ్వే కొన్నావుగా!"

వెస్‌కి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచీ రాని నవ్వు ఒక్కసారి వచ్చేసరికి దగ్గు కూడా వచ్చింది. "ఇటివ్వు, నేనూ ఒకసారి" అని అటువైపు చెయ్యి చాచి కీ తిప్పాడు. అంటుకుంది. ఆపాడు. నార్బ్ తిప్పాడు.

గేటు దగ్గర డెల్ఫీన్‌కి దూరంగా కారు ఆగడం కనిపించింది. ఇంజను చప్పుడు వచ్చి ఆగింది, వచ్చి ఆగింది. బండి మళ్ళీ మొరాయించిందనుకుని ఆమె నిట్టూర్చింది. డిక్కీ తెరిచి, లాగే తాడు భుజాన వేసుకుని, ఇద్దర్నీ ఏమని తిట్టాలో కూడబలుక్కుంటూ వాళ్ళ వైపు నడవడం మొదలుపెట్టింది.