తెబానో అడిగి తెచ్చుకున్న కథ

మా దీవిలో ఎవరికి ఏ జబ్బుందో అందరికీ తెలుసు. ఈ గట్టున తుమ్మితే ఆ గట్టున వినబడేంత ఇరుకు నేల. తెబానో జబ్బు తమ్ముడు కైతు మీద అసూయ.

అతను కల్లు గీసేవాడు. తెల్లవారకముందే కొబ్బరిచెట్టెక్కి, పూతగెల చివర పలచగా చెక్కి, చిప్ప కట్టి, పాడుకుంటూ దిగేవాడు. కల్లు తియ్యగా ఉందని ఎవరైనా అంటే, "కైతు ఇంట్లో తాగిన దానికంటేనా?" అని అడిగేవాడు. ఆ ఇంట్లో ఉండేదీ ఇతను గీసి పంపిన కల్లే.

అసలు పుండు వేరే ఉంది. మా సభాశాల మనేయబాలో ప్రతి వంశానికీ ఒక చోటు. తూర్పు స్తంభం దగ్గర కూర్చునే వీళ్ల వంశానిది తొలి మాట. అంటే దీవి కథ: మొదటి పడవలో ఎవరొచ్చారు, రాతిస్తంభాలు ఎవరు నిలబెట్టారు, కరువులో ఏ బావి ఎండలేదు, కూలికని ఓడ ఎక్కించుకుపోయిన వాళ్లలో ఎవరు తిరిగొచ్చారు. తరానికి ఒక్కరికే ఆ కథ ఇస్తారు. తండ్రి దాన్ని పెద్దవాణ్ణి వదిలి చిన్నవాడికిచ్చాడు. ఎందుకో చెప్పకుండానే పోయాడు.

కైతు కథ చెప్పిన ప్రతిసారీ తెబానో స్తంభానికి ఆనుకుని పెదాలు కదిపేవాడు. "ఆపు. ఒడ్డున పడ్డ చేపలా ఉన్నావు," అనేది భార్య మరేవా.

ఒక ఏడు మనేయబాకు కొత్త మొగలాకుల కప్పు వేశాం. పక్క దీవులవాళ్లొచ్చే పండగ అది. కప్పు పని సగంలో ఉండగా తెబానో తమ్ముడి ఇంటికి వెళ్లాడు. కైతు వల బాగుచేసుకుంటున్నాడు.

"తమ్ముడూ, బుబుసి," అన్నాడు తెబానో.

కైతు చేతులు ఆగిపోయాయి. ఆ మాట పెట్టి అడిగితే మాలో కాదనకూడదు. కాదంటే ఇంటికి తలవంపు. చుట్టాలొస్తున్నారంటే మంచి కత్తులు చూరులో దాచుకునేది అందుకే.

"ఏం కావాలన్నయ్యా? వలేనా?"

"కథ."

లోపల కైతు భార్య చేతిలో గిన్నె చప్పుడైంది. కైతు వలలో చిక్కు తీయడం ముగించి తలెత్తాడు. "సరే. సాయంత్రం ఒడ్డుకి రా."

ఏదీ దాచుకోకుండా నేర్పాడు. పండగరోజు తెబానో లేచి చెప్పాడు. బాగానే చెప్పాడు, నేనక్కడే ఉన్నాను. అయిపోయాక ముసలి కటారినా అతని చెయ్యి నిమిరింది. "బాగా చెప్పావు నాయనా. కరువు తీరి వాన పడే చోట మీ తమ్ముడు కాసేపు ఆగేవాడు. నాకు ఒళ్లు తడిసినట్టుండేది."

తెబానో తమ్ముడి కోసం చూశాడు. కైతు చాప ఖాళీ. పొద్దెక్కాక చేపల గుత్తితో తడిసి వచ్చాడు. "ఎలా జరిగిందన్నయ్యా?" అన్నాడు. నిజంగానే అడుగుతున్నాడు.

తొలి మాట పండగకే కాదు. గట్టు తగాదాకి, పెళ్లి మాటకి, చావుకి, అన్నిటికీ అది ఉన్నవాడే ముందు నోరు విప్పాలి. తెబానోని చెట్టుమీంచి దింపి తీసుకుపోయేవారు. కల్లు చిప్పలు పొర్లిపోయేవి. చెట్టుమీంచి చూస్తే కైతు సీమపనస నీడలో గుర్రుపెడుతూ కనిపించేవాడు.

"కథ ఉన్నప్పుడూ వాడే బాగున్నాడు, లేనప్పుడూ వాడే బాగున్నాడు," అన్నాడు ఇంట్లో.

"అయితే ఆ నిద్ర కూడా బుబుసి అడుక్కో," అంది మరేవా.

తమ్ముడు కథ వెనక్కి అడుగుతాడేమోనని తెబానో కాచుక్కూర్చున్నాడు. కైతు ఎప్పుడైనా అడగొచ్చు. కత్తి అడిగాడు, తాడు అడిగాడు. కథ ఊసెత్తలేదు. చివరికి తెబానోయే వెళ్లాడు.

"తమ్ముడూ, బుబుసి."

"ఇంకేముంది నా దగ్గర? ఈ లుంగీ తప్ప."

"ఆ కథ ఇమ్మని నన్ను అడుగు."

కైతు నవ్వబోయి మానేశాడు. "వద్దన్నయ్యా. నాకు ప్రాణం హాయిగా ఉంది."

"కనబడుతూనే ఉందిలే. అడుగు."

"పెద్దాడివి, సిగ్గులేదూ?" అంది కైతు భార్య గుమ్మంలోంచి. ఇద్దరూ ఆమెకేసి చూడలేదు. కాదనడానికి కైతుకి దారి లేదు.

"అన్నయ్యా, బుబుసి," అన్నాడు నీరసంగా. "ఆ కథ ఇవ్వు."

"అడిగాక కాదంటానా? తీసుకో," అన్నాడు తెబానో, దాతలాగా.

తరవాతి సభలో కైతే చెప్పాడు. వాన పడే చోట ఆగాడు. కటారినా భుజాల మీదికి గుడ్డ లాక్కుంది. కప్పు కింద ఎవరూ కదల్లేదు. తూర్పు స్తంభం దగ్గర తెబానో పెదాలు కదులుతున్నాయి. మరేవా మోచేత్తో పొడిచింది.

"మరీ అంతసేపు ఆగక్కర్లేదు," అన్నాడు తెబానో, అందరికీ వినబడేట్టు.