ఆపా వీసా, తమ్ముడి పెండ్లి

పక్కింటి ఆపా కరాచీ నుంచి పుట్టింటికి వచ్చింది, ఒక్కగానొక్క తమ్ముడి నికా కళ్లారా చూడాలని. పుట్టిల్లు కరీంనగర్ కాబట్టి వీసాకు ఆ ఒక్క ఊరి పేరే రాయించింది. తీరా వచ్చాక తెలిసింది, పిల్లది మంచిర్యాలని. నికా ఆడపిల్ల ఇంట్లో జరగడం ఆనవాయితీ. కరాచీ నుంచి వచ్చినవాళ్లు ఠాణాలో హాజరు ఇచ్చుకోవాలి, వీసాలో లేని ఊళ్లో అడుగుపెడితే నేరం.

మా బాపు వకీలు. నేను హైదరాబాదులో కాలేజీ చదువుతూ సెలవులకు వచ్చాను. వాదించడానికి మనిషి దొరికితే అన్నం అక్కరలేని రోజులవి. ఇప్పుడు అన్నం కూడా కావాలి.

"ఊరి పేరు మీద వీసా ఏంది బాపూ? దేశం మొత్తానికి ఇస్తే ఏం పోతది? గీ కానూన్ మార్చాలె" అన్నాను.

"మార్పిద్దాం బిడ్డా. ఢిల్లీకి అర్జీ పెడ్త. జవాబొచ్చేసరికి పెండ్లికొడుకు తాత అయితడు."

"బుర్ఖా ఏసుకొని పోత. ఎవలు గుర్తుపడ్తరు?" అంది ఆపా.

"దొరికితే మల్ల వీసా ఇయ్యరు. మీ అమ్మీని ఇగ ఎన్నడు చూస్తవు?" అన్నాడు బాపు.

నాకు ఒకటి తోచింది. ఢిల్లీ కదలకపోతే మంచిర్యాలను కదిలిద్దాం.

మర్నాడు బాపునూ, ఆపా వాళ్ల అబ్బానూ వెంటబెట్టుకుని పెద్దపల్లిలో మంచిర్యాల రైలెక్కాను. పెండ్లికూతురి తండ్రికి కట్టె అడితి ఉంది. దుంగల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నికా కరీంనగర్‌లోనే పెట్టుకుందామని అడిగాను.

"పిల్లను మేమే తోలుకొచ్చినమంటే నలుగురు నవ్వరా?"

"ఆ నలుగుర్ని గూడ తోలుకరాండ్రి చాచా. రైలుల జాగ ఉన్నది" అన్నాను.

"ఆడపిల్లోళ్లు బారాత్ తెచ్చుడు యాడన్న చూసినవా?"

"పుట్టింటికొచ్చిన ఆడిబిడ్డ ఠాణాల హాజరిచ్చుడు మీరు చూసిండ్రా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే. అట్లయితే మమ్ముల మగపెండ్లోళ్ల లెక్క చూసుకోవాలె."

"చూసుకుంటం" అన్నాను, పక్కనున్న అబ్బాను ఒక్క మాట అడగకుండానే.

పెండ్లినాడు వాళ్లు పెద్దపల్లిలో రైలు దిగి, బస్సులో బ్యాండుతో సహా వచ్చారు. దిగిందే తడవుగా మగపెండ్లివారైపోయారు. చాయ్‌లో చక్కెర తక్కువ. నీళ్లు చల్లగ లేవు. దిండ్లు గట్టిగున్నయి. ఆపా వంటింటికీ పందిరికీ ఉరుకుతూనే ఉంది. ఇంతలో ఖాజీ వచ్చాడన్నారు. అదే సమయానికి పెండ్లికూతురి తండ్రి మళ్లీ చాయ్ కోసం కేకేశాడు.

ఆపా చాయ్ కెటిల్ నా చేతిలో పెట్టింది. "ఒప్పుకున్నదానివి నువ్వే గదా చెల్లే. నువ్వే పో" అని, చున్నీతో ముఖం తుడుచుకుని, తమ్ముడి పక్కకు వెళ్లి కూర్చుంది.