బోర్లా పడుకుని చూసిన పువ్వు

మొన్న అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంటి పెరట్లో పూసిన తెల్లని పువ్వు మీద మా అల్లుడు ఫోన్ కెమెరా పెట్టి, క్షణంలో దాని పేరు చదివేసి, ఎలా ఉందత్తయ్యా అన్నట్టు గర్వంగా నా వైపు చూశాడు. ఆ పేరు తప్పు. మొహం మీదే చెప్పేశాను, ఎందుకంటే పువ్వుల విషయంలో నేనెవరికీ తల వంచను. ఆ పొగరు నాకు కొలరాడో కొండల మీద వచ్చింది.

అప్పట్లో నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి కూడా, అమెరికాలో పనిచేసే భర్త వెంట వచ్చినవాళ్ళకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద ఉద్యోగం చేసే హక్కు లేక, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో ఆవాల డబ్బాకీ మినుముల డబ్బాకీ లాటిన్ పేర్ల లేబుళ్ళు అంటిస్తూ రోజులు గడిపేదాన్ని. ఒక వేసవిలో మూడు కుటుంబాలం పులిహోర సర్దుకుని ఆ కొండలెక్కాం. చెట్లు కూడా మొలవనంత ఎత్తున, బాట పక్క రాళ్ళలో, వేలెడంత మొక్కలు నాలుగు, ఒక్కోదానికి ఒక్కో తెల్లని పువ్వుతో కనిపించాయి. మా వారి స్నేహితుడి భార్య చెయ్యి చాచింది.

“చామంతులే కదక్కా, రేపు శుక్రవారం, పూజకి కూలర్ పెట్టెలో పెట్టేద్దాం!”

ఆగమని అరిచాను. చామంతి కుటుంబం మొక్కలకి పువ్వు మొహం చూసి పేరు చెప్పకూడదు, కింద నుంచి చూడాలని కాలేజీలో మా మేడం నేర్పినట్టు, కోయకుండా ఆ రాళ్ళ మీద బోర్లా పడుకున్నాను. కళ్ళు తిరిగి పడ్డాననుకుని మా వారు నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చారు. పువ్వు కింద ఉన్నిలాంటి నూగు, కొన్ని ఆకుల కొసన మూడేసి చీలికలు. నేను కొనుక్కున్న పుస్తకం ప్రకారం మామూలు రకానికి ఆ చీలికలుండవు. అటుగా వచ్చిన పార్కు ఉద్యోగి నిలబడే చూసి, ఇది ఎక్కడపడితే అక్కడ ఉండేదే అని తేల్చేశాడు.

“ఊరుకో, ఆయనకి తెలీదా ఏంటి? పరువు తీయకు,” అన్నారు మా వారు.

ఊరుకోలేదు. వచ్చీరాని ఇంగ్లీషులోనే, వంగి ఆకు చూసేదాకా కదలనన్నాను. ఆయన వంగాడు, చాలాసేపు లేవలేదు. తర్వాత ఫొటోలు తీసి, నా పేరూ చిరునామా రాసుకున్నాడు.

చలికాలం మొదట్లో ఆ పార్కు వాళ్ళ నుంచి ఉత్తరం వచ్చింది: అది చామంతి కుటుంబానికే చెందిన ఎరిజెరాన్‌లలో అరుదైన రకమేనని, నడక బాటను దూరంగా జరుపుతున్నామని. అమెరికా వచ్చాక ఫలానా వారి భార్యగా కాకుండా, నా ఒక్కదాని పేరు మీద వచ్చిన మొదటి కవరు అదే. ఏడ్చాను, దాచడం దేనికి!

ఇప్పుడు హెచ్-ఫోర్ మీద వచ్చిన అమ్మాయిల్లో కొందరికైనా పనిచేసే అనుమతి దొరుకుతోంది. సంతోషమే. నాకు దొరకలేదన్న కోపం మాత్రం పోలేదు, పోనివ్వను కూడా. డబ్బాలకి లేబుళ్ళు అంటించిన ఆ ఏళ్ళు తిరిగిస్తామని ఎవరొచ్చినా వద్దంటాను. కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ రాళ్ళ మీద నుంచి లేచి నిలబడిన అప్పటి నా మోకాళ్ళు మాత్రం నాక్కావాలి.