అరువు తెచ్చిన ఎర్ర బిళ్ళలు

నేను ఎదురొస్తే లారీకి కలిసొస్తుందని మా అత్తవారికి గట్టి నమ్మకం. సాలూరులో మా వీధి నుంచి ఏ లారీ బయలుదేరినా ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంటి ముత్తైదువను నీళ్ళ బిందెతో ఎదురు రమ్మనేవారు. అరవైల దశకం చివర్లో నేను కాపురానికి వెళ్ళాక మా ఇంట్లో ఆ పని నాకు అప్పగించారు. మరే విషయంలోనూ నన్ను ముందుకు రానిచ్చేవారు కాదు లెండి.

మా మావగారి లారీకి వెనక ఒక ట్రైలరు ఉండేది. కొండ మీంచి కలప దుంగలు దాని మీదే దిగేవి. అది తగిలిస్తే లారీ వెనక దీపాలు కనబడవు. అందుకని ట్రైలరుకి వేరే ఎర్ర దీపం, రెండు ఎర్ర అద్దం బిళ్ళలు ఉండాలని రూలు. బిళ్ళలకైతే వైరు కూడా అక్కర్లేదు. వెనకొచ్చే బండి వెలుగు పడితే చాలు, మెరుస్తాయి. మా ట్రైలరుకి అవి ఏడాదికి ఒక్కరోజే ఉండేవి. బ్రేకు ఇనస్పెక్టరు బండి చూసే రోజున పక్కవీధి షావుకారి ట్రైలరు నుంచి విప్పి తెచ్చి మా దానికి బిగించేవారు. కాయితం మీద సంతకం పడగానే తీసి ఇచ్చేసేవారు. ఆ ఒక్క జత ఊళ్ళో మరో నాలుగు ట్రైలర్లను ఇలాగే పాసు చేయించేది. అరువు సొమ్ము బరువు చేటని ఇంట్లో ఆడవాళ్ళకు నీతులు చెప్పే మావగారే దగ్గరుండి ఈ పని చేయించేవారు.

మా నాన్న పక్క పల్లెలో రైతు. తెల్లవారకముందే సైకిలుకి వంకాయల గంప కట్టుకుని సాలూరు బజారుకి వచ్చేవాడు. వంకాయలు అమ్ముడుపోయాక నన్ను చూడ్డానికి వచ్చేవాడు గానీ, ఆడపిల్ల తండ్రి కదా, గుమ్మం పక్కనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు పొద్దున్నే మోచెయ్యి చెక్కుకుపోయి, పంచె నిండా మట్టితో వచ్చాడు.

"రోడ్డు మీద టైరు పంచరై ట్రైలరు ఆగిపోనాదమ్మా. సీకట్లో దగ్గరకొచ్చేదాకా అగుపడలేదు. ఎనక్కి పొడుసుకొచ్చిన దుంగ నా సెవి పక్కనించి పోనాది. గోతిలో పడ్డాను కాబట్టి బతికినాను," అన్నాడు నవ్వుతూ. తరవాత గొంతు తగ్గించి, "మీ బండేనే. మీ మావకి సెప్పకు, బాగోదు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే మావగారికి చెప్పాను.

"బండికి ముందు దీపాలుంటే సాలు. ఎనకాల ఎలిగితే ఏటొస్తాది? మీ నాన్ననే సూసుకుని తొక్కమను," అన్నారు. లారీ నడిపేది మా ఆయనే. ఆయన చొక్కా గుండీ చూసుకుంటూ కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం లారీ కొండకి బయలుదేరడానికి సిద్ధమైంది. నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. నన్ను పిలిచారు. నేను బిందె మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాను.

"రాను మావా. ట్రైలరు ఎనకాల ఎర్ర దీపం, బిళ్ళలు బిగించండి. అప్పుడొస్తాను."

వీధిలో జనం పోగయ్యారు. "ఆడది బండి ఆపడమేటి!" అని మావగారు గర్జించారు.

"నాను ఆపలేదు. ఎల్లమనండి."

ఎలా వెళ్తుంది? పిలిస్తే ముత్తైదువ రానన్నాక బండి కదిపే మగవాడు ఆ వీధిలో పుట్టలేదు. వాళ్ళ నమ్మకమే వాళ్ళ కాళ్ళకు అడ్డం పడింది. మావగారు మా అత్తని కేకేశారు. నాకు ముందు ఇరవై ఏళ్ళు ఆ బిందె మోసింది ఆవిడే. ఆవిడ వచ్చి బిందెను చూసింది, నన్ను చూసింది, దీపం, బిళ్ళలు లేని ట్రైలరు వెనక భాగం చూసింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాకు మోకాళ్ళ నొప్పులు," అంది.

పొద్దున్న ఆ మోకాళ్ళతోనే బజారంతా తిరిగొచ్చింది మహాతల్లి! ఆ ఇంట్లో ఆవిడ నాకు ఒక్క మంచిమాట చెప్పి ఎరగదు. ఆ ఒక్క అబద్ధంతో బాకీ అంతా చెల్లిపోయింది.

మావగారు షావుకారి ఇంటివైపు అడుగేశారు.

"అరువువి వద్దు మావా. రేపు ఇప్పేత్తారు."

మా ఆయన సైకిలెక్కి బజారుకి పోయారు. అరగంటలో కొత్త దీపం, వైరు, రెండు బిళ్ళలు తెచ్చి తనే కూర్చుని బిగించారు. నేను వెనక్కి వెళ్ళి బిళ్ళలు రెండూ ఊపి చూశాను. దీపం వెలిగించమన్నాను. వెలిగింది. అప్పుడు బిందె ఎత్తుకుని లారీకి ఎదురొచ్చాను.

పది రోజుల తరవాత మా నాన్న వచ్చాడు. మావగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎప్పట్లాగే గుమ్మం పక్కన నిలబడ్డ నాన్నకి నేను గ్లాసుతో మజ్జిగ ఇచ్చాను.

"బావా, ఈయాల మీ బండి మళ్ళీ దారిలో ఆగి ఉన్నాది. నా సైకిలు దీపానికే దూరంనించి ఎర్రగా మెరిసింది. దిగి నడిసినాను. ఎవులు ఎట్టించినారో గానీ నూరేళ్ళు బతకాల!" అన్నాడు.

"నీ కూతురి ఘనకార్యమే. ఎదురు రానని కూకుని వీధిలో నా పరువు తీసింది," అన్నారు మావగారు.

మా నాన్న మొహం పాలిపోయింది. గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోనాది బావా. సిన్నపిల్ల. కడుపులో ఎట్టుకో."

కూతురు తన ప్రాణం కాపాడినందుకు మా నాన్న క్షమాపణ అడుగుతున్నాడు. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది.

"సేతులు దించు నాన్నా. తప్పేటి లేదు. అరుగు మీద కూకోని మజ్జిగ తాగు," అన్నాను, మావగారికి వినబడేలాగే.

మా నాన్న ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేతులు దించాడు. వెళ్ళి మావగారి పక్కన కూర్చుని, గ్లాసు ఖాళీ చేసేదాకా లేవలేదు.