తల మార్చుకునే పిట్ట

మొన్న ఆదివారం సోమశిల గట్టు మీద మా కోడలు, నీళ్ళ మీద తేలుతున్న తెల్లటి పిట్టను ఫోనులో ఫోటో తీస్తే, అది బ్రౌన్ హెడెడ్ గల్ అని ఫోను క్షణంలో చెప్పేసింది. తల తెల్లగా ఉంటే గోధుమరంగు తల అంటుందేమిటని తనకు అనుమానం వచ్చింది. ఫోను చెప్పింది నిజమేనమ్మా అన్నాను. ఆ పిట్ట మూలంగానే కదా ఒకప్పుడు నా పెళ్ళి ఆగబోయింది.

మాది ఉదయగిరి. టీచరు ఉద్యోగం ఆత్మకూరులో రావడంతో మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. ఆమె కొడుకు, మా బావ, డ్యాము పనిలో ఉండేవాడు; మా ఇద్దరికీ పెళ్ళి చేయాలని నాయన, అత్త ఎప్పుడో అనుకున్నారు, నాకూ ఆ మాట ఇష్టంగానే ఉండేది. ఆదివారం వస్తే అత్త పులిహోర పొట్లాలు కట్టేది, ముగ్గురం బస్సెక్కి సోమశిల వెళ్ళేవాళ్ళం. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో సముద్రపు పిట్టలు దిగేవి, బురద అంచున సన్నకాళ్ళ ఉల్లంకి పిట్టలు పరుగులు పెట్టేవి, బావ మద్రాసులో కొన్న బైనాక్యులర్ కోసం మేం చిన్నపిల్లల్లా పెనుగులాడేవాళ్ళం.

చలికాలంలో వచ్చే తెల్లతల పిట్ట ఒక జాతి, ఎండలు ముదిరే ముందు కనబడే గోధుమరంగు తలది ఇంకో జాతి అని బావ. రెండూ ఒకటేనని నేను. రోజూ డ్యాము మీద ఉండే నాకు తెలియదా అని ఆయన పట్టు. "తల చూసి మోసపోతుండావు బావా, రెక్క చివర చూడు" అన్నాను. నల్లటి రెక్క కొసలో తెల్లమచ్చ, ఎర్రటి కాళ్ళు రెండింటికీ ఒకేలా ఉండేవి మరి. బావ పులిహోర పొట్లం పక్కన పెట్టేశాడు.

అత్తకు అది మనసులో పడింది. పెళ్ళికి ముందే ఇట్లా ఎదురు చెప్పే పిల్లతో తన కొడుకు వేగలేడని నాయనతో అనేసి, సీతారామపురంలో ఇంకో సంబంధం వాకబు చేయసాగింది. పిట్టదేముంది, బావ మాటే నిజమని ఒప్పేసుకోమని అమ్మ బతిమాలింది. ఒప్పుకుంటే పెళ్ళి నిలుస్తుంది. కానీ కళ్ళారా చూసినదాన్ని కాదని ఆ ఇంట్లో బతుకంతా ఎలా ఉండను? ఉగాది దాకా ఆగమన్నాను. మాట మాత్రం మార్చలేదు.

ఉగాది దగ్గరపడి, ఆ పిట్టలు తిరిగి వెళ్ళిపోయే రోజుల్లో, ఒకే గుంపులో అన్నీ కనబడ్డాయి. తల ఇంకా తెల్లగానే ఉన్నవి, గోధుమరంగు మచ్చలు మచ్చలుగా ఎక్కుతున్నవి, నిండుగా టోపీ పెట్టుకున్నట్టున్నవి. బావ చాలాసేపు బైనాక్యులర్ దించలేదు. దించాక నాతో కాదు, అత్తతో అన్నాడు.

"అమ్మా, ఈ పిల్ల చెప్పిందే నిజం. నాది తప్పయితే తప్పని చెప్పే మనిషి ఇంట్లో ఉండాల. ఇంకో సంబంధం చూడబాక."

ఆ తరువాత మా కాపురంలో కొత్త పిట్ట కనబడితే చాలు, తగువే. ఉల్లంకి పిట్టల దగ్గర ఆయనదే పైచేయి, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆయన పోయాక కూడా పిట్టలు వేళకు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు ఫోను పేరు చెబుతుంది, మనం సరేనంటాం, అక్కడితో అయిపోతుంది. మొన్న కూడా రెక్క చివరి తెల్లమచ్చ చూపించి ఈ కథంతా చెబితే, కోడలు అవునత్తయ్యా అంది. కాదనే మనిషి కోసం నేను పక్కకు చూశాను.