మొదటి పేరు వీరాయమ్మ

అయినా కొబ్బరికాయలు లెక్కపెట్టడం కూడా ఓ విద్యేనా అని మీరు నవ్వుతారు గానీ, వీరాయమ్మ లెక్క ఒక్కసారి వింటే నవ్వరు. అంబాజీపేట కొట్టులో కాయల గుట్ట ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంటుంది. చేతికి రెండేసి చొప్పున కాయలు పక్కకి విసురుతూ కూత వేస్తుంది. "లాభం... రెండు... మూడు..." మొదటిదాన్ని ఒకటి అనదు. వాళ్ళమ్మా అనలేదు, అమ్మమ్మా అనలేదు. మొదటి కూత లాభమే. మధ్యలో మీతో కబుర్లు చెబుతుంది, మంచినీళ్ళు తాగుతుంది, లెక్క మాత్రం తప్పదు. ఇరవై ఆరేళ్ళుగా అదే పీట, అదే కూత.

భర్త పోయాక ఆ కూత మీదే కూతురు పద్మశ్రీని చదివించింది. పిల్ల అమలాపురంలో కంప్యూటర్ కోర్సు చేసి, తన మొట్టమొదటి పనిగా అమ్మ పనిచేసే కొట్టుకే ఓ వెబ్ పేజీ తయారుచేసి ఇచ్చింది. మేస్త్రీ ఆంజనేయప్రసాద్ సాయంత్రం ఫోనులో ఆ పేజీ తెరిచి మీట నొక్కితే చాలు, రేపు లోడు ఉందని కొట్టులో పనిచేసే పద్దెనిమిది మంది ఆడవాళ్ళకీ మెసేజ్ వెళ్ళిపోతుంది.

అందరికీ వెళ్ళింది. వీరాయమ్మకి రాలేదు. ఒకరోజు చూసింది, రెండోరోజు చూసింది. పిలవని కొట్టుకి వెళ్ళే మనిషి కాదు. మోకాళ్ళ నొప్పులని కూతురికి చెప్పి ఇంట్లోనే ఉండిపోయింది. కంప్యూటర్ చదివిన పిల్లకి అమ్మ కాయల దగ్గర కూర్చోవడం నామోషీ అయ్యుంటుంది, తనే పేరు తీసేసుంటుంది అని ఆవిడ మనసులో పడిపోయింది. అడిగి అవుననిపించుకోవడం కంటే అడక్కపోవడమే నయమనుకుంది.

ఐదోరోజు పొద్దున్నే పీట కడిగి తుడిచి, చంకన పెట్టుకుని గుమ్మం దిగింది. ఎక్కడికని పద్మశ్రీ అడిగింది.

"నూకాలమ్మకి ఇచ్చేసి వస్తానే, ఇస్తానని నిన్ననే చెప్పేను. కొట్టులో నా పక్కనే కింద కూలబడతది పాపం, నడుం పట్టేస్తంది. నాకింక దేనికి? నా పేరు నువ్వు తీసేశావుగా. మంచి పనే చేశావులే, నాకేం కోపం లేదు."

నేనెందుకు తీస్తానమ్మా అంటూ పద్మశ్రీ గబగబా లాప్‌టాప్ తెరిచింది. ఒక్కొక్కరికీ ఒక్కో చీటీ ఉన్నట్టు, పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి వరసగా పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే పైన వీరాయమ్మ చీటీయే. ఆ కింద, చీటీలన్నీ వరసగా తీసి చదవమని మిషనుకి చెప్పిన ముక్క ఉంది. తప్పు అక్కడుంది. మిషను లెక్కలో మొదటి చీటీ సున్నా. ఈ పిల్ల ఒకటి నుంచి చదవమంది. అది చెప్పినట్టే వీరాయమ్మని దాటేసి, రెండో ఆవిడ దగ్గర మొదలెట్టింది. కోర్సులో పదిసార్లు చెప్పిన సంగతే. పేర్లు గలగలా పరిగెడుతుంటే చూసి మురిసిపోయింది గానీ, పదిహేడే ఉన్నాయని లెక్కపెట్టుకోలేదు.

"అందరికంటే ముందు నిన్నే పెట్టేనమ్మా," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "ముందు పెట్టేను కాబట్టే పోయేవు. మిషను మొదటిదాన్ని సున్నా అంటుంది, నేను ఒకటి నుంచి చదవమన్నాను."

వీరాయమ్మ పీట కింద పెట్టి ఆ తెర వంక చూసింది.

"మొదటిదాన్ని సున్నా అంటదా? ఎవరు నేర్పేరే దానికి కూత? సున్నా అని మొదలెడితే షావుకారు గుమ్మంలోంచే పొమ్మంటాడు."

పద్మశ్రీకి ఏడుపులోనే నవ్వొచ్చింది. అంకెలతో పని లేకుండా, ఉన్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ తీసుకో అని చెప్పే పద్ధతి ఇంకోటి ఉంది. అలా మార్చి, చీటీలో ఉన్నదంతా కూడా చదవమంది. పేర్లు వస్తుంటే వీరాయమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టింది. లాభం దగ్గర తన పేరు, ముక్కామల అని ఊరు పడ్డాయి. నా ఊరు కూడా తెలుసా దీనికి అని ఆశ్చర్యపోయింది. పద్దెనిమిది పూర్తయ్యాకే లేచింది.

పద్మశ్రీ మేస్త్రీకి ఫోన్ చేస్తే ఆయన ఇంకోలా అనుకున్నాడట. "మీ చదువైపోయింది కదండీ, మీ అమ్మగారు మానేసేరేమో, అడిగితే బాగోదని ఊరుకున్నాను. నాలుగు రోజుల్నించి ప్రతి లారీ రెండుసార్లు లెక్కేయిస్తున్నానండి బాబూ. వెంటనే పంపించండి."

పీట మళ్ళీ చంకనెట్టుకుని బయల్దేరింది. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో తెలీదు. దారిలో నూకాలమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

"పీట నాకిస్తానన్నావుగా వదినా?"

ఇస్తానే, ఇస్తాను అంటూనే వీరాయమ్మ ఆటో ఎక్కేసింది. ఇప్పటికీ ఇవ్వలేదు.